పావులూరి మల్లన - ఇరవై అంకెల పద్యం

ఆదికవి ఎవరంటే నన్నయ అని మన హాస్టల్లో చిన్న తమ్ముళ్లు కూడా చెబుతారు. తెలుగులో తొలి లెక్కల పుస్తకం ఎవరిదంటే మాత్రం ఎమ్మెస్సీ చదివే మేమూ తల గోక్కుంటాం. ఆయన పావులూరి మల్లన.

ఊరి పేరే ఇంటిపేరు. రాజరాజ నరేంద్రుడు (1022-1061) పిఠాపురం దగ్గరి నవఖండవాడను దానమిచ్చింది ఈయనకేనని కొందరు పండితులు, కాదు, ఆ మల్లన తాత, గ్రంథం రాసింది మనుమడని మరికొందరు అంటారు. ఆ తగువు పండితులకే వదిలేద్దాం. 9వ శతాబ్దంలో కన్నడ దేశపు మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు జైనుడు, మల్లన శివభక్తుడు. అందుకే లెక్కల్లో జినుడున్న చోట శివుడు వచ్చాడు.

మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు. తెలుగు మీడియం నుంచి వరంగల్‌లో పీజీకి వచ్చాక, లెక్కలంటే ఇంగ్లీషు వాళ్ల సొత్తేమో అనుకుని వెనుక బెంచీలో నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. మల్లన చదరంగం పద్యం చదివాక ఆ బెరుకు కొంత పోయింది.

చదరంగంలో 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? ఏ గడి దగ్గర ఆగి కూడినా మొత్తం తర్వాతి గడి కన్నా ఒకటే తక్కువ. కాబట్టి 64 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే చాలు. 18446744073709551615. వెయ్యి వడ్లు 25 గ్రాములనుకుంటే, ప్రపంచమంతా ఇప్పుడు ఏటా పండే వడ్లు ఐదు వందల ఏళ్లు పోసినా ఆ గళ్లు నిండవు. మన మెస్ బియ్యం సంగతి ఇక చెప్పేదేముంది!

మల్లన దీన్ని అంకెల్లో రాయలేదు, మాటల్లో కూర్చాడు. శరమంటే 5, చంద్రుడు 1, వేదాలు 4, ఏనుగు 8, గగనం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చదవాలి.

దీన్ని భాగించే ప్రధాన సంఖ్యలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641ని పట్టుకోవడానికి 1732లో ఆయిలర్ అంతటివాడు కావలసి వచ్చింది. నేటి 64 బిట్ల కంప్యూటర్ ఒకే గడిలో పట్టించగల అతిపెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

నేను మొదటిసారి నోట్సులో ఎక్కించుకున్నప్పుడు ఒక సున్నా వదిలేశాను. సరిచూద్దామని అంకెలు కూడితే 87 వచ్చింది, 3తో పోయింది, చివర 5 ఉంది. అన్నీ సరిపోయాయి, సంఖ్య మాత్రం తప్పు! రూమ్మేట్ లెక్కపెడితే 19 అంకెలే ఉన్నాయి. తాటాకుల మీద తరతరాలుగా తిరగరాసిన వాళ్లకూ ఇలాంటి పొరపాటు జరిగేదే. కానీ మల్లన పద్యంలో గగనం ఎగిరిపోతే ఛందస్సు తప్పుతుంది, రాసేవాడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆ రాత్రి పద్యం ఎదురుగా పెట్టుకుని, ఒక్కో మాటకు ఒక్కో అంకె వేసుకుంటూ సంఖ్యను మళ్లీ రాశాను. ఇరవై వచ్చాయి.