ఖాళీ కుర్చీ

అది 1856 మే 22. వాషింగ్టన్‌లో సెనేట్ ఆ రోజుకి వాయిదా పడింది. సెనేటర్ చార్లెస్ సమ్నర్ మాత్రం తన బల్ల దగ్గరే కూర్చుని, రెండ్రోజుల కిందట ముగించిన ప్రసంగం అచ్చుప్రతుల్ని జనానికి పంపే పనిలో ఉన్నారు. ప్రతినిధుల సభ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో వచ్చి తల మీద ఎడాపెడా బాదాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి సమ్నర్. కాళ్లు బల్ల కింద ఇరుక్కున్నాయి. నేలకు బిగించిన ఆ బల్లను పెకలించుకుని లేచి, నెత్తుటితో కూలిపోయారు. కర్ర ముక్కలైంది.

ఇంతకీ గొడవంతా బానిసత్వం గురించే. దక్షిణాది పత్తి తోటలు నడిచేది బానిసల చాకిరీతో. ఆ పద్ధతి కొత్త ప్రాంతాలకు పాకకూడదని ఉత్తరాదిలో చాలామంది పట్టు. కాన్సాస్‌లో అది ఉండాలో వద్దో అక్కడ స్థిరపడేవాళ్లే తేల్చుకోవాలని 1854లో చట్టం చేశారు. ఇంకేముంది, రెండు పక్షాలూ తుపాకులతో అక్కడికి పరిగెత్తాయి. దాని మీదే సమ్నర్ రెండ్రోజులు మాట్లాడారు. ఆ ఊపులో, సభలో లేని సౌత్ కరోలినా సెనేటర్ ఆండ్రూ బట్లర్‌ను మాట తడబాటుతో సహా ఎగతాళి చేశారు. ఆయన స్థాయికి తగని పనే అది. బ్రూక్స్ ఆ బట్లర్‌కు బంధువు.

బ్రూక్స్‌కు పడింది 300 డాలర్ల జరిమానా. పదవి వదులుకుంటే సొంత జనమే మళ్లీ గెలిపించారు. కొత్త చేతికర్రలు కానుకగా పంపినవాళ్లూ ఉన్నారు! మసాచుసెట్స్ శాసనసభ కూడా ఊరుకోలేదు. ఇంకా కోలుకోని సమ్నర్‌నే 1857 జనవరిలో మళ్లీ సెనేట్‌కు ఎన్నుకుంది. ఆయన మధ్యలో వచ్చినా నిలవలేకపోయారు. దాదాపు మూడేళ్లు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆయన ప్రసంగాలు చదవనివాళ్లకు కూడా ఆ ఖాళీ కుర్చీ సంగతి అర్థమైంది. పారిస్‌లో వైద్యుడు మత్తు ఇవ్వకుండానే వీపు మీద వాతలు పెట్టాడు. అదీ భరించారు.

1859 డిసెంబరులో తిరిగొచ్చారు. 1860 జూన్‌లో మళ్లీ బానిసత్వం మీదే గంటల తరబడి ప్రసంగించారు. మరుసటేడు యుద్ధం మొదలైంది. 1865లో బానిసత్వం రద్దయింది.

సమ్నర్‌కు మాత్రం అంతటితో పని అయిపోలేదు. బోస్టన్‌లో 1811లో పుట్టిన ఈ లాయరు, సెనేట్‌కు రాకముందే 1849లో సారా రాబర్ట్స్ అనే నల్లజాతి చిన్నారి తరఫున వాదించారు. ఆ పాప దారిలో ఐదు తెల్లవాళ్ల బడులు దాటుకుని తన బడికి వెళ్లాల్సొచ్చేది. కేసు ఓడిపోయారు, పట్టు వదల్లేదు. బడులు, బళ్లు, హోటళ్లలో వివక్ష కూడదంటూ 1870లో బిల్లు పెట్టారు. 1874 మార్చి 11న కన్నుమూస్తూ కూడా దాన్ని పోనివ్వొద్దని పక్కనున్నవాళ్లను వేడుకున్నారు. మరుసటేడు అది చట్టమైంది, బడుల మాట మాత్రం తీసేశారు. మిగిలినదాంట్లో ముఖ్యమైన భాగాన్ని 1883లో సుప్రీంకోర్టు కొట్టేసింది.