ఈలకు పలికిన చేప

కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనగానే మన జువాలజీ వాళ్లకు తేనెటీగల నాట్యమే గుర్తొస్తుంది. 1973లో నోబెల్ తెచ్చిపెట్టింది అదే మరి. నాకు మాత్రం ఆయన చేపలంటేనే ఇష్టం.

1886లో వియన్నాలో పుట్టాడు. చేపలకు రంగులు తెలియవని ఫాన్ హెస్ అనే పేరుమోసిన కంటివైద్యుడు వాదిస్తున్న రోజులు. అంతటివాడితో తగువంటే కుర్ర శాస్త్రజ్ఞుడికి మాటలా? ఫ్రిష్ తగ్గలేదు. ఒక రంగు దగ్గరే మేత పెట్టి అలవాటు చేశాడు. తర్వాత మేత లేకపోయినా చేపలు ఆ రంగు దగ్గరికే వచ్చాయి. బూడిద రంగులను పట్టించుకోలేదు.

చేపలకు చెవుడన్న మాటా అలాగే తేలిపోయింది. చూపులేని, జెల్లలాంటి మీసాల చేప ఒకదానికి ఈల వేసి మేత పెట్టేవాడు. కొద్దిరోజులకే అది ఈల వినగానే గొట్టంలోంచి బయటికొచ్చేది. కుడితి బకెట్టు చప్పుడుకి మా గేదె తల తిప్పినట్టే గదా! ఈ సంగతి 1923లో ప్రకటించాడు.

1941లో, అమ్మమ్మ యూదు సంతతని నాజీలు ఆయన ఉద్యోగం ఊడగొట్టబోయారు. తేనెటీగల జబ్బు మీద పరిశోధన అవసరమై ఊరుకున్నారు. 1982లో మ్యూనిక్‌లో కన్నుమూశాడు.