ప్రజారోగ్య యోధుడు హార్వే వైలీ

తాను తినే పదార్థంలో ఏమున్నదో తెలుసుకోవడం వినియోగదారుని హక్కు. ఆ హక్కు కోసం జీవితాంతం పోరాడిన రసాయన శాస్త్రవేత్త హార్వే వాషింగ్టన్ వైలీ. ఆయన 1844 అక్టోబరు 18న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. వైద్యవిద్యలో పట్టం పొందినా రసాయన శాస్త్ర బోధనకే అంకితమయ్యాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్నప్పుడు తేనెలో, చక్కెర పాకాలలో జరిగే కల్తీని పరిశోధించాడు. 1883లో వ్యవసాయశాఖ ప్రధాన రసాయనవేత్తగా బాధ్యతలు స్వీకరించాడు.

ఆ కాలంలో పాలు విరగకుండా ఫార్మాల్డిహైడ్, మాంసం చెడకుండా బొరాక్స్ కలిపేవారు. ఎండు పండ్ల రంగు మారకుండా గంధకపు పొగ పట్టేవారు. ఈ సంగతులు కొనేవారికి తెలిసేవి కావు. 1902లో పన్నెండుమంది యువకులు స్వచ్ఛందంగా వైలీ ప్రయోగానికి ముందుకు వచ్చారు. ఆయన వారికి భోజనంతోపాటు నిల్వ రసాయనాలను ఇచ్చి, వారి ఆరోగ్యంలో కలిగే మార్పులను నమోదు చేశాడు. పత్రికలు వారికి విషదళమని పేరు పెట్టాయి. ప్రజలలో చైతన్యం కలిగింది. మహిళా సంఘాలు వైలీకి అండగా నిలిచాయి. చివరకు 1906 జూన్ 30న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ శుద్ధ ఆహార, ఔషధ చట్టంపై సంతకం చేశాడు. లేబుల్‌పై అసత్యాలు ముద్రించడం నేరమైంది.

అయితే పోరాటం అంతటితో ముగియలేదు. ఎండు పండ్లలో గంధక పదార్థాల వాడకాన్ని ఆయన వ్యతిరేకించగా వ్యాపారులు ప్రతిఘటించారు. ప్రభుత్వం వారి మొరనే ఆలకించింది. పై అధికారులతో విభేదాలు ముదరడంతో వైలీ 1912లో రాజీనామా చేశాడు. ఆ తరువాత ఒక మహిళా పత్రిక ప్రయోగశాలకు అధిపతియై ఆహార పదార్థాలను పరీక్షిస్తూ, గృహిణులకు వాటి మంచిచెడులు తెలియజేశాడు. చట్టం వచ్చి సరిగ్గా ఇరవై నాలుగేళ్ళు నిండిన నాడు, 1930 జూన్ 30న కన్నుమూశాడు.

ఆయన అనుమానించిన గంధక పదార్థాలలో సల్ఫైట్లు ముఖ్యమైనవి. ఇవి అందరికీ కీడు చేయవు గాని, ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఊపిరి ఆడనీయవు. అలాగే పాలు, గుడ్లు, చేపలు, వేరుసెనగ వంటి మంచి ఆహారాలు సైతం అలర్జీ ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు. అటువంటి ఆహారాన్ని అందరికీ నిషేధించడం సాధ్యం కాదు. కనుక అది ఉన్నదని ముందుగా తెలియజేయాలి. ఈ ఉద్దేశంతోనే అమెరికా 2004లో అలర్జీ కారకాల లేబుల్ చట్టం చేసింది. భారత ఆహార భద్రతా సంస్థ 2020లో జారీ చేసిన నిబంధనల ప్రకారం ఈ పదార్థాలను, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్న సల్ఫైట్లను పొట్లంపై పేర్కొనాలి. వైలీ నాడు గెలవలేకపోయిన వాదానికి నేడు ఆ చిన్న అక్షరాలలో కొంత న్యాయం జరిగింది. వాటిని చదివి కొనడం మన బాధ్యత.