జిమ్ గ్రే పడవ

కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్లినప్పుడు, ఒడ్డున వేట పడవల్ని చూస్తుంటే నాకు జిమ్ గ్రే గుర్తొచ్చాడు. మన డీబీఎంఎస్ సిలబస్‌లో ట్రాన్సాక్షన్ల యూనిట్ ఉంది కదా, అందులో చాలా భాగం ఆయన పుణ్యమే. పేరు మాత్రం మాకు ఏ పరీక్షలోనూ అడగలేదు.

1944లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. బర్కిలీలో చదివి 1969లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఐబీఎంలో సిస్టమ్ ఆర్ కట్టిన బృందంలో ఒకడు. ఒక ఖాతాలో డబ్బు తగ్గి, రెండో ఖాతాలో పెరగకముందే కరెంటు పోతే ఏం చెయ్యాలి? దీనికి గట్టి జవాబు ఆయన పనిలోంచే వచ్చింది. తర్వాత టాండెమ్, డెక్, 1995 నుంచి మైక్రోసాఫ్ట్. 1998కి ట్యూరింగ్ అవార్డు.

నాకు ఆయన దగ్గరైంది మాత్రం మా మినీ ప్రాజెక్టు మునిగినప్పుడు. మూడు కంప్యూటర్లలో రెప్లికేషన్ పెడితే టేబుల్ పరిమితి కూడా మూడింతలవుతుందనుకున్నాం. అవ్వదు. ప్రతి కాపీలోనూ టేబుల్ మొత్తం ఉండాల్సిందే. మైఎస్‌క్యూఎల్‌లో ఒక వరుసకు 65,535 బైట్ల హద్దు అలాగే ఉంటుంది, పెరిగేది డిస్కు ఖర్చే. పైగా మార్పులన్నీ రాసుకునే లాగ్ ఫైళ్లు వేరే. చిన్న డిస్కున్న కంప్యూటర్ ముందు నిండి ఆగిపోయింది, అదీ డెమో రోజే!

అప్పుడు చదివాను, 1996లో గ్రే మరో ముగ్గురితో కలిసి రాసిన పేపర్. అన్ని కాపీల్లోనూ ఎవరికి వాళ్లు మార్పులు చేసుకోనిస్తే, కంప్యూటర్లూ వాటి పనీ పదింతలైనప్పుడు డెడ్‌లాకులు వెయ్యింతలవుతాయని లెక్కగట్టారు. మేం మూడింటితోనే ఆగినందుకు సంతోషించాను.

తర్వాత ఆయన నక్షత్రాల వైపు మళ్లాడు. అలెక్స్ సాలైతో కలిసి, స్లోన్ సర్వే సమాచారాన్ని అందరికీ తెరిచే స్కైసర్వర్ కట్టాడు. అంత పెద్ద ఫైళ్లు నెట్‌లో పంపాలంటే రోజులు పడుతుందని, డిస్కులు నింపిన కంప్యూటర్నే పార్శిల్ చేసి పంపేవాడు. మనవాళ్లు ఆర్టీసీ కార్గోలో మామిడికాయల బుట్ట వేసినట్టే.

2007 జనవరి 28న తల్లి అస్థికలు కలపడానికి, టెనేషస్ అనే తన పడవలో ఒంటరిగా ఫారలాన్ దీవుల వైపు వెళ్లాడు. తిరిగి రాలేదు. కోస్ట్ గార్డు వెతికింది. మిత్రులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించి, ముక్కలు చేసి, నెట్‌లో వేలమందికి పంచారు. ముక్కూమొహం తెలియని మనిషి కోసం వాళ్లంతా ఒక్కో సముద్రపు ముక్కనీ కళ్లు చిట్లించుకుని చూశారు. చెక్కముక్క కూడా దొరకలేదు. భార్య సముద్రం అడుగున కూడా వెతికించింది. ఐదేళ్లు గడిచాక, 2012లో, చట్టప్రకారం ఆయన చనిపోయినట్టు ప్రకటించారు.