సవర పిల్లలకు సవరలోనే తొలి పాఠం: పర్లాకిమిడి గిడుగు మాస్టారు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు చిత్రపటానికి దండ వేసి, వాడుక భాష గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఆ ఉద్యమానికి ముందే ఆయన మరో పని మొదలుపెట్టారు. అది పిల్లలకు అక్షరాలు నేర్పే పని. రాష్ట్రం బయట తెలుగు నిలుపుకుంటున్న మన ఇళ్లకు ఆ కథ మరింత దగ్గరిది.

గిడుగు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఇప్పుడది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం.

ఊరి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్లది ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుకు చుట్టరికం లేదు. ఆ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ల భాష నేర్చుకోవాలని గిడుగు అనుకున్నారు. సవర మాటలు తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. అక్కడి మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. అయినా పని ఆపలేదు. సవరలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత డబ్బుతో బడి నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది.

1907 ప్రాంతంలో బడుల తనిఖీ అధికారి యేట్స్‌కు ఒక సందేహం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు మరొకటి ఎందుకున్నాయని అడిగారు. సవర పిల్లల మధ్య పనిచేసిన గిడుగుకు ఆ ప్రశ్న కొత్తది కాదు. నోట్లో లేని భాషలో అక్షరం నేర్పితే తెలుగు పిల్లలకూ అదే కష్టమని గ్రహించి, వాడుక భాష కోసం నిలబడ్డారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. అది నచ్చక, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఆయన వెళ్లిపోయినా మనవాళ్లు ఎందరో అక్కడే ఉండిపోయారు. అక్కడైనా, హోసూరులోనైనా, బళ్లారిలోనైనా మన పిల్లల తెలుగులో పక్క భాషల మాటలు కలుస్తాయి. అది తెలుగే కాదని కసిరితే పిల్లలు పుస్తకం మూసేస్తారు. ఇంట్లో పాప అన్న మాటనే అన్నట్టుగా పలక మీద రాసి, తనచేతే చదివించి చూడండి. పుస్తకంలోని మాటలు తర్వాత నేర్పుకోవచ్చు. గిడుగు మాస్టారి నుంచి మేము నేర్చుకున్నది ఇదే.