గానకైంకర్యపరులు శ్రీ ఘంటసాల

నవవిధ భక్తులలో శ్రవణము, కీర్తనము మొదటివి. పాడువాడు ఎంత శ్రద్ధగా పాడినను, వినువానికి అర్థము తెలియనిచో ఆ కీర్తనము సగమే ఫలించును. వినువాని హృదయమునకు అర్థమును చేర్చుటయే తన గానమునకు ప్రయోజనముగా నెంచి జీవించిన ధన్యులు శ్రీ ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. చలనచిత్ర సంగీత దర్శకులుగా, నేపథ్య గాయకులుగా ప్రసిద్ధులైన వీరి జీవితము కృష్ణలీలా గానముతో ఆరంభమై గీతాగానముతో పరిసమాప్తి నొందినది.

వీరు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా మండలమున, గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లి గ్రామములో జన్మించిరి. తల్లి రత్తమ్మగారు, తండ్రి సూరయ్యగారు. సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములు పాడుచుండగా, ఆ గానమునకు అనుగుణముగా బాలుడు నాట్యమాడెడివాడు. చూచినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచెడివారు. కుమారుడు సంగీత విద్వాంసుడు కావలెనని తండ్రి కోరిక. బాల్యముననే తండ్రి గతించెను. ఆ కోరిక మాత్రము కుమారునకు తీర్పవలసిన ఋణమై నిలిచెను. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్యగారు ఆ కుటుంబమును ఆదుకొనిరి.

ఆ ఋణము తీర్చుకొనుటకై ఆయన ఇల్లు విడిచి విజయనగరము చేరిరి. చేతి ఉంగరము నమ్మిన సొమ్మే దారిబత్తెము. శ్రీ పట్రాయని సీతారామశాస్త్రిగారు శిష్యునిగా స్వీకరించి విద్యాదానము చేసిరి. భోజనమునకు మధుకరమే దిక్కయ్యెను. త్యాగరాజస్వామి ఉంఛవృత్తిని మనము భక్తితో స్మరింతుము. కాని ఎరుగని ఊరిలో, జోలె భుజమున దాల్చి, పరుల గుమ్మముల ముందు నిలుచుట లేతవయసువానికి ఎంత కఠినమో ఊహింపవలెను. ఆ అన్నముతోనే ఆయన సంగీతాభ్యాసము సాగెను.

విద్య ముగిసిన పిదప 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని కారాగారవాసము ననుభవించిరి. 1944లో శ్రీమతి సావిత్రిగారిని వివాహమాడిరి. అత్తవారి గ్రామమైన పెదపులివర్రులో శ్రీ సముద్రాల రాఘవాచార్యులుగారు వీరి గానము విని మద్రాసు రమ్మని ప్రోత్సహించిరి. అచ్చటను కష్టములు వెన్నంటినవి. కొన్నాళ్లు రాత్రులు పానగల్ పార్కులో గడుపవలసి వచ్చినది. 1949లో మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములకు సంగీతము కూర్చుటతో దశ తిరిగినది. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ ఆయన కీర్తిని స్థిరపరచినవి.

ఆయన చేసిన మేలులలో పద్యగానము ముఖ్యమైనది. నాటకరంగమున ఆ రోజులలో రాగాలాపన పెరిగి, పద్యమునందలి మాట మరుగున పడుచుండెను. ఘంటసాలవారు ఆలాపనను కుదించి, పదమును విడివిడిగా వినిపించి, భావమునకు తగిన రాగమును మితముగా వాడిరి. అందుచేత అక్షరజ్ఞానము లేనివారికి సైతము పురాణ పద్యము కంఠస్థమయ్యెను. లవకుశ చూచి వచ్చిన పల్లెవారి యిండ్లలో రామకథ పాటగా నిలిచినది.

1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము చిత్రమునకు సంగీతము పెండ్యాల నాగేశ్వరరావుగారిది. అందు స్వామి సన్నిధిలో గానము చేయు భక్తునిగా ఘంటసాలవారే తెరపై దర్శనమిచ్చిరి. తిరుమల తిరుపతి దేవస్థానముల ఆస్థాన గాయకులుగను ఆయన స్వామిని సేవించిరి. 1970లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి అచ్చటి తెలుగువారికి తమ గానమును వినిపించిరి.

చివరి సంవత్సరములలో ఆరోగ్యము క్షీణించుచుండగా ఆయన భగవద్గీతా గానమునకు పూనుకొనిరి. ఎంపిక చేసిన శ్లోకములను పాడి, వాని తాత్పర్యమును తెలుగు వచనమున వినిపించిరి. సంస్కృతము రాని గృహస్థునకును గీత అందవలెనన్నదే ఆ కూర్పులోని రీతి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఆయన మద్రాసులో పరమపదించిరి. గీత రికార్డులు ఆ పిదపనే వెలువడినవి. ఇంటింటను అవి మ్రోగుటను చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు.

ఈనాడు ఆ గీత మృతుల యిండ్లలో విశేషముగా వినబడుచున్నది. తత్ఫలితముగా శుభదినములలో దానిని వినుటకు జంకువారును కలరు. ఇది తగదు. గీత పుట్టినది మరణించినవాని కొఱకు కాదు. విల్లు జారవిడిచి దుఃఖించుచున్న అర్జునుని లేపి, కర్తవ్యమున నిలుపుటకు. ప్రాతఃకాలమున దీపము వెలిగించి ఆ గానమును విని, ఒక్క శ్లోకమునకైనను అర్థమును మనస్సున నిలుపుకొని దినచర్య నారంభించుట గృహస్థులకు శ్రేయస్కరము. మధుకరపుటన్నముతో పెరిగిన ఆ కంఠము లోకమునకు తిరిగి పెట్టిన భిక్ష అదియే.