పల్లెలో రెక్కలు తొడిగిన ఇంజను

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీగ్రోవ్ అనే చిన్న పల్లె ఉంది. చుట్టూ పొలాలే. బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఆ పల్లెలో యంత్రాలు బాగుచేస్తూ జీవించాడు. ఆయన 1901లో జన్మించాడు. ఏ ఇంజనీరింగు కళాశాలలోనూ చదవలేదు. యంత్రాలను విప్పి, బిగించి, తనంతట తానే పని నేర్చుకున్నాడు.

ఆయనకు విమానాలంటే ప్రాణం. కొయ్య, గుడ్డ, తీగలతో విమానాన్ని ఇంటి దగ్గరే కట్టుకోవచ్చు. కాని ఇంజను మాటేమిటి? విమానాల కోసం తయారైన ఇంజను కొనడం సామాన్యులకు అలవికాని పని. పీటెన్‌పోల్ చూపు రోడ్లమీద తిరిగే ఫోర్డు కార్లపై పడింది. మొదట 'టి' రకం కారు ఇంజనును వాడి చూశాడు. దాని శక్తి 20 అశ్వశక్తి మాత్రమే. అది చాలలేదు.

తరువాత ఫోర్డు 'ఎ' రకం కారు వచ్చింది. దాని ఇంజను శక్తి 40 అశ్వశక్తి. అది మరీ వేగంగా తిరగకుండానే మంచి బలాన్ని ఇస్తుంది. కనుక నడుమ పళ్లచక్రాలు లేకుండా ప్రొపెల్లరును నేరుగా బిగించవచ్చు. పీటెన్‌పోల్ బరువైన ఫ్లైవీలును తీసివేసి, ఆ కొనకే ప్రొపెల్లరును అమర్చాడు. బ్యాటరీ అక్కరలేకుండా నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోను పెట్టాడు. ఇంజను చల్లబడడానికి నీళ్ల రేడియేటరు తప్పదు. అది పైలటు చూపుకు అడ్డంగా, ఇంజను మీద పలకలా నిలబడి ఉండేది. అందం మాట ఎలా ఉన్నా, 1929లో ఆ విమానం గాలిలోకి లేచింది. దానికి 'ఎయిర్ క్యాంపర్' అని పేరు. ఇద్దరు ఒకరి వెనుక ఒకరు కూర్చోవచ్చు. రెక్క వారి తలలపై గొడుగులా ఉంటుంది.

కారు ఇంజను విమానానికి పనికిరాదని పెద్దలు అనుకునే కాలమది. కారు ఇంజను పూర్తి బలంతో పనిచేసేది ఎప్పుడో కాసేపు. విమానం ఇంజను దాదాపు పూర్తి బలంతో గంటల తరబడి తిరగాలి. వారి సందేహం ఊరికే పుట్టింది కాదు. ఒక యంత్రశాస్త్ర పత్రిక సంపాదకుడైన వెస్టన్ ఫార్మర్ కూడా ఆ మాటే రాశాడు. పీటెన్‌పోల్ వాదానికి దిగలేదు. 1930లో ఆయనా, ఒక మిత్రుడూ రెండు విమానాలలో మినియాపొలిస్ నగరం దగ్గరకు ఎగిరి వెళ్లారు. రెండింటిలోనూ ఉన్నవి ఫోర్డు ఇంజన్లే! ఫార్మర్ తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఆ విమానం నమూనా పటాలను తానే అచ్చువేయించాడు. అవి 1932 నాటి సంచికలో వెలువడ్డాయి. అప్పుడు అమెరికాలో పెద్ద ఆర్థికమాంద్యం. చేతిలో డబ్బు ఆడని యువకులు ఆ పటాలను చూసి, పాత కార్ల ఇంజన్లతో విమానాలు కట్టసాగారు.

వయసు మీరినా పీటెన్‌పోల్ చేయి ఊరుకోలేదు. 1960వ దశకంలో షెవర్లే కంపెనీవారి 'కార్వేర్' కారు ఇంజనును విమానానికి మలిచాడు. అది గాలితోనే చల్లబడుతుంది. కళ్లకు అడ్డుపడే రేడియేటరు అక్కరలేదు.

ఆయన 1984లో మరణించాడు. చెర్రీగ్రోవ్‌లో ఆయన విమానాలను ఉంచుకున్న షెడ్డును తరువాత విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కోష్‌కు తరలించి, అక్కడి విమాన ప్రదర్శనశాలలో నిలబెట్టారు.